కడిగిన పద్మటంకం

నేను ఎల్లారెడ్డి ఠాణా మెట్లెక్కేసరికి లింగం నోట్లోంచి రెండో పన్ను ఊడి నేల మీద పడింది. మొదటిది అప్పటికే గోడ వారగా నెత్తుట్లో పడి ఉంది.

కొట్టేవాడు జవాను సిద్దిరాములు. కొట్టించేవాడు అమీను బాలనర్సయ్య, ఆ ఠాణాకు పెద్ద. ఆయన కుర్చీలో వెనక్కి వాలి, కాలు మీద కాలేసుకుని, సాసర్‌లో చాయ్ పోసుకుని ఊదుకుంటూ తాగుతున్నాడు. మనిషిని చావగొట్టిస్తూ చాయ్ తాగేవాణ్ణి చూస్తే నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

"సిద్దిరాములూ! కట్టె కింద పడెయ్!" అని అరిచాను.

వాడు చెయ్యి ఆపి అమీను వైపు చూశాడు. అమీను గుటక పూర్తిచేసి మీసం తుడుచుకున్నాడు.

"రావయ్యా టంకశాలా, రా! నిన్నెవడు పిలిచిండు?"

"ఈ మనిషి పెండ్లాం పిలిచింది."

మెట్ల కింద హన్మవ్వ కొంగు నోట్లో కుక్కుకుని నిలబడి ఉంది. పొద్దున మొదటి బస్సుకే కామారెడ్డి వచ్చి నా కాళ్ళ మీద పడిన మనిషి. నా పేరు స్వామిదాసు. ఒకప్పుడు హైదరాబాద్ టంకశాలలో నాణేలు పరీక్షించే పని చేశాను. ఇప్పుడు కామారెడ్డి స్టేషన్ పక్కన ఇల్లు కట్టుకుని, పోయిన సొమ్మూ దాగిన దొంగనూ వెతికిపెడుతుంటాను. జనం డిటెక్టివ్ అంటారు. బాలనర్సయ్య మాత్రం 'జీతం లేని పోలీసు' అని ఊరంతా నవ్వుతూ తిరుగుతాడు. పోయినేడు ఆయన జైలుకు పంపబోయిన ఒక గొల్లాయన్ను నేను విడిపించాను. ఆ కడుపుమంట ఇంకా చల్లారలేదు.

లింగం నా పెరట్లో బావి తవ్వినవాడు. నడుం లోతున బండ పడితే, మందు పెట్టి పేలిస్తే నా గోడలు పగులుతాయని, ఉలితో రోజుల తరబడి చెక్కి తీశాడు. అట్లాంటివాడు బంగారం కోసం తన జోడీదారు తల పగలగొట్టాడంటే నేను నమ్మను. చూపించండి, అప్పుడు నమ్ముతాను.

జరిగింది ఇది. లింగం, మైసన్న ఇద్దరూ జంటగా బావులు తవ్వుతారు. ఊరి బయట చెలకలో బావి తవ్వుతుంటే మొన్న పొద్దున ఒక చిన్న కుండ బయటపడింది. అందులో గుప్పెడు బంగారు నాణేలు. ఆ సాయంత్రమే మైసన్న అదే బావిలో తల చితికి చచ్చిపడి ఉన్నాడు. చితకగొట్టిన గడ్డపార లింగానిది. నాణేలు లేవు. లింగం నెత్తుటి చేతులతో బావి గట్టు మీద దొరికాడు. పట్టుకున్నది స్వయంగా బాలనర్సయ్య.

"అమీన్ సాబ్, నాణేలు ఎక్కడ పెట్టినవో చెప్పమంటూ మూతి మీద కొడితే వాడు దేనితోని చెప్తడు?"

"మీ టంకశాల ముచ్చట్లు నాకు చెప్పకు. రేపు పొద్దుగాల వీణ్ణి నిజామాబాద్ తోలుతున్న. నడిచి పోతడా, బండ్ల పండుకొని పోతడా, వాని ఇష్టం."

"నన్ను మాట్లాడనియ్యి. వాడు ఒప్పుకుంటే నీ పని సులువైతది."

ఆయన సాసర్ బోర్లించి లేచాడు. "మాట్లాడుకో. సిద్దిరాములు ఈడనే ఉంటడు."

కటకటాల అవతల లింగం గోడకు చేరగిలి కూర్చున్నాడు. దవడ ఒక పక్కకు వాచి, కన్ను మూసుకుపోయింది. నేను నా తువ్వాలు తడిపి ఊచల మధ్య నుంచి ఇస్తే, తుడుచుకోవడానికి కూడా చెయ్యి పైకి లేవలేదు. నేనే తుడిచాను.

"లింగం, అడిగినకాడికి చెప్పు. నాణేలు ఎవరు తీసుకపోయిన్రు?"

"మైసన్నే ఇంటికి తీస్కపోయిండు. భూమక్కకిచ్చి మల్ల పనికొచ్చిండు. పొద్దుగూకినంక సగం సగం జేస్కుందమన్నడు."

"పొద్దుగూకేటప్పుడు నువ్వెక్కడున్నవ్?"

"కల్లు కాడికి పోయిన. గడ్డపార బావి కాడనే ఇడిసిన."

"తిరిగొచ్చేసరికి?"

లింగం బాగున్న కన్ను నా భుజం మీదుగా మెట్ల వైపు పోయింది. నేనూ తిరిగి చూశాను. అమీను మెట్ల మీద నిలబడి హన్మవ్వతో ఏదో నవ్వుతూ మాట్లాడుతున్నాడు. ఆమె భయంతో ఒక్కొక్క మెట్టే వెనక్కి దిగుతోంది.

"నేనేం సూడలే సారూ. మైసన్న సచ్చిపడున్నడు. తలకాయ పట్టుకొని లేపబోయిన. గంతే."

"గంతేనా?"

"గంతే" అని తల దించుకున్నాడు. అబద్ధమని నాకు తెలిసిపోయింది. ప్రాణం మీదికొచ్చినా చెప్పలేని నిజం ఏమిటో మాత్రం అంతుచిక్కలేదు. సిద్దిరాములు నా వెనక గొంతు సవరించుకున్నాడు. ఇక లేవమని దానర్థం.

బయట, హన్మవ్వకు దూరంగా, మైసన్న భార్య భూమక్క గద్దె మీద కూర్చుని ఉంది. నిన్ననే మొగుణ్ణి మట్టిలో పెట్టిన మనిషి. మొహంలో ఏడుపు లేదు. హన్మవ్వ ఇటు చూసినప్పుడల్లా కాండ్రించి ఉమ్ముతోంది.

"నువ్వు ఆ దొంగ లంగకు సాయం జెయ్యనీకొచ్చినవట గద" అంది నన్ను చూడగానే.

"మైసన్నను చంపినోణ్ణి పట్టనీకొచ్చిన అవ్వా. వాడు లింగమే అయితే లింగాన్నే పట్టిస్త. నాణేలు నువ్వు కండ్లార చూసినవా?"

"సూసుడేంది, ఈ చేతులతోనే తోమిన."

"ఎట్లుండె?"

"మామూలు రూపాయి లెక్క లేకుండె. గిన్నె లెక్క జర వంగి ఉండె. నడుమ తామరపువ్వు. దాని సుట్టు గుంటలు గుంటలుగ ముద్రలు. ఒక్కదాంట్ల ఏనుగు గూడ కనవడ్డది."

పద్మటంకం! దేవగిరి నుంచి ఈ గడ్డను ఏలిన యాదవరాజుల బంగారు నాణెం. రెండు అచ్చుల మధ్య పెట్టి ఒక్క దెబ్బతో తీసేది కాదు. పువ్వు ఒక దెబ్బ, ఏనుగు ఒక దెబ్బ, శంఖం ఒక దెబ్బ, ఇట్లా ఒక్కొక్క ముద్రా విడిగా సుత్తితో దించుతారు. అందుకే గుంటలు లోతుగా ఉంటాయి. ఒక్కటి దొరికితే చాలు, నాణేలు పోగుచేసే పిచ్చివాళ్ళు ఆస్తులు తాకట్టు పెట్టేస్తారు.

"తోమిన అన్నవ్. దేనితోని?"

"చింతపండుతోని. మట్టంత పోయేదాక తోమిన. ఎనక పసుపు పూసి దీపం ముట్టిచ్చిన. కుంకుమ వెడ్దమంటె ఇంట్ల అయిపోయుండె. భూమిల దొరికిన లచ్చిమిని ఊకెనే గూట్ల వెడ్తరా ఎవలన్న?"

ఎవరూ పెట్టరు. ఈ ప్రాంతంలో దుక్కిలో చిల్లిపైసా దొరికినా కడిగి పసుపు పూస్తారు. నాలోని పాత టంకశాల మనిషి లోలోపల నెత్తి కొట్టుకున్నాడు. పాత నాణేన్ని తోమడమంటే దాని వయసునంతా తోమి పారబోయడమే. నాణేలు పోగుచేసేవాడెవడూ దానికి నీటిచుక్క తగలనివ్వడు. కానీ మొగుడు పోయిన మనిషికి ఆ పాఠం చెప్పేంత బుద్ధిలేనివాణ్ణి కాను.

"తర్వాత?"

"సాయంత్రం మా ఆయనొచ్చి ముల్లె గట్టి మొలల దోపుకొని పోయిండు. లింగనికి సగమియ్యాలె, మాట తప్పొద్దు అనుకుంట పోయిండు." ఆమె కొంగు కొసకు ఉత్త ముడి వేసి బిగించింది. "మాట తప్పనోని తలకాయ గట్ల పగలగొడ్తరా సారూ?"

"ఈ సంగతి ఇంకెవరికన్న చెప్పినవా?"

"ఎవ్వలకు చెప్పలే. లింగనికి తప్ప మందిల ఎవ్వలకు ఎర్కలేదు. అందుకే వాడే అంటున్న."

అంతలో గడి నుంచి, ఊరి దొర ఉండే కోట నుంచి, మనిషి వచ్చాడు. పాపిరెడ్డి దొర పిలుస్తున్నాడట, అమీనును కాదు, నన్ను. 'టంకశాలలో పనిచేసినాయన ఊర్లకొచ్చిండట గద, వెంటనే తోలుకరా' అన్నాడట.

పాపిరెడ్డి దొర సంగతి నాణేలు తెలిసినవాళ్ళందరికీ తెలుసు. భూములు, మనుషులు, కోర్టులు, ఏవీ పట్టవు ఆయనకు. పాత నాణెం కనబడితే మాత్రం తిండి మానేస్తాడు. చంపి దోచిన బంగారాన్ని ఈ తాలూకాలో కొనగలవాడు ఆయనొక్కడే. నేను గడికి పోయే దారి వెతుక్కుంటుంటే దారే నన్ను వెతుక్కుంటూ వచ్చింది.

బాలనర్సయ్య మొహంలో నవ్వు ఆరిపోయింది. "ఇప్పుడెందుకట? దొరకు ఏం పని?"

"పోతే తెలుస్తది."

"నేను గూడ వస్త" అని ఆయన పిస్తోలు నడుముకు తగిలించుకున్నాడు. మెట్లు దిగుతూ సిద్దిరాములుతో అన్న మాట నేను విన్నాను. "నేనొచ్చేదాక ఆపకు. సాయంత్రానికల్ల వాని ముచ్చట ఒడ్వాలె."

నా వెనక కట్టె దెబ్బ పడింది. హన్మవ్వ కేక పెట్టింది. పరుగెత్తుకెళ్ళి సిద్దిరాములు మెడ విరవాలనిపించింది. పళ్ళు కొరుక్కుని ముందుకే నడిచాను. సాయంత్రంలోపు అసలు దొంగను చూపించకపోతే లింగం శవమై బయటికొస్తాడు, ఇక అందులో అనుమానం లేదు.

గడిలో నాణేల అర్రకు ఇనుప తలుపు, దానికి రెండు తాళాలు. లోపల అద్దాల బల్లలు, వాటిలో మఖ్‌మల్ గుడ్డ మీద వరుసగా నాణేలు, మధ్యలో బంగారం తూచే చిన్న త్రాసు. దొర ముసలివాడు, సోడాబుడ్డి కళ్ళద్దాలు, వేళ్ళు సన్నగా వణుకుతున్నాయి. అమీను లోపలికి రావడం ఆయనకు ఇష్టంలేదని చూపులోనే తెలిసింది.

"నువ్వు గడప కాడనే నిలబడు బాలనర్సయ్యా. ఏం ముట్టకు" అన్నాడు. నా వైపు తిరిగి చేతులు పట్టుకున్నంత పని చేశాడు. "స్వామిదాసూ, ఈ అర్రల నేను తప్ప ఎవడూ కాలువెట్టడు. దొరసాని గూడ రాదు. దీపావళి నాడు లక్ష్మీపూజకు ఒక్క నాణెమియ్యుమని ఏడ్చింది, ఇయ్యలే. చెమట చెయ్యి తాకితేనే ఖరాబైతది, ఇగ కడిగిన నాణెమైతే పీనుగతోని సమానం. అవునా కాదా?"

"నూటికి నూరుపాళ్ళు అవును దొరా."

"గది! నీకు తెలుసు." చిన్నపిల్లవాడిలా సంబరపడిపోయి ఒక పెట్టె తెరిచాడు. "ఇవి ఐదు పద్మటంకాలు. పదేండ్ల కింద బీదర్‌ల ఒక్క మనిషి కాడ ఒక్కనాడే కొన్న. వీటిల దొంగది ఉన్నదేమోనని నిద్ర పడ్తలేదు. చూసి చెప్పు."

పదేళ్ళు పట్టిన నిద్ర ఇప్పుడే ఎందుకు పట్టడంలేదో నేను అడగలేదు. భూతద్దం తీసుకుని కూర్చున్నాను.

దొంగ నాణెం సాధారణంగా పోతపోసింది అయి ఉంటుంది. అద్దం కింద సన్నసన్నని బుడగల గుంటలు కనబడతాయి, ముద్రల అంచులు మొద్దుబారి ఉంటాయి. సుత్తిదెబ్బ తిన్న బంగారం అట్లా ఉండదు. ముద్ర చుట్టూ లోహం పక్కకు ఒరుసుకుని గట్టు కడుతుంది. ఒక్కొక్కటే తూచాను, రాతి మీద వేసి మోత విన్నాను, అంచులు తిప్పి చూశాను. మొదటి రెండూ బాగా అరిగినవి. మూడోది అంచు చీలింది. నాలుగోది ఫరవాలేదు. ఐదోది మాత్రం ఏం చెప్పను! తామరరేకులు నిన్న కొట్టినట్టున్నాయి.

"మొదటి నాలుగూ అసలువే దొరా."

ఆయన తల ఊపి ఊరుకున్నాడు.

"ఐదోది కూడా అసలుదే. ఐదింట్లో అదే మేలైంది."

దొర గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు. గడప దగ్గర బాలనర్సయ్య బూటు కిర్రుమంది. నాలుగింటికి లేని నిట్టూర్పు ఐదోదానికి ఎందుకు? ఆ నాణేన్ని మళ్ళీ అద్దం కిందికి తెచ్చాను.

మిగతా నాలుగింటి గుంటల్లో వందల ఏళ్ళ నల్లమట్టి రాయిలా గట్టిపడి ఉంది. ఐదోదాంట్లో మట్టి చిటికెడు కూడా లేదు. మట్టి లేకపోతే బంగారం అడుగు దాకా మెరవాలి కదా? మెరవడం లేదు. ఏనుగు కాళ్ళ మధ్య, రేకుల మొదట్లో ఏదో మెత్తని పసుపురంగు పేరుకుని ఉంది. బంగారం మీద కాబట్టి మామూలు కంటికి ఆనదు.

"దీన్ని ఎప్పుడన్న కడిగిన్రా దొరా?"

దొర కుర్చీలోంచి లేచిపోయాడు. "ఏం మాట్లాడుతున్నవయ్యా? నేను నాణెం కడుగుతనా? నా అర్రకొచ్చిన ఏ నాణేనికన్న నీళ్ళు తగిలినయా? చెయ్యి నరుకుత గట్ల చేసినోనిది!"

"కోపం చేయకుండ్రి. ఒక ఆకు వేసుకుంట."

బల్ల మీద ఆయన వెండి పాన్‌దాన్ ఉంది. మూత తీసి సున్నపు డబ్బీ చేతిలోకి తీసుకున్నాను. ఆకు తీయలేదు. చూపుడువేలి కొసన కొంచెం సున్నం తడి తీసి, ఐదో నాణెం మీద, ఏనుగు గుంటలో అద్దాను.

పసుపు ఎరుపయింది. ఏనుగు కాళ్ళ మధ్య నుంచి, రేకుల మొదళ్ళ నుంచి ఎర్రటి గీతలు తేలివచ్చాయి.

గడప దగ్గరి నుంచి బాలనర్సయ్య మెడ సాచాడు. "నెత్తురా అది?"

"నెత్తురనే ఎందుకనుకున్నవ్ అమీన్ సాబ్? ఇది పారాణి. పసుపు మీద సున్నం పడితే ఇట్లనే అయితది, పెండ్లి కూతురి కాళ్ళు చూడలేదా ఎన్నడూ? మొన్న మైసన్న భార్య చింతపండుతో తోమి, పసుపు పూసి, దీపం పెట్టిన నాణెమిది. దొర నాణేలు కడగడు. పూజకు ఇయ్యడు. ఆయన చేతికొచ్చినప్పుడు ఎట్లున్నదో అట్లనే మఖ్‌మల్ మీద పెట్టిండు. బీదర్ అబద్ధం దొరా. చెప్పుండ్రి, ఎవరమ్మిన్రు?"

దొర కళ్ళద్దాలు తీశాడు. మొహం సున్నం కొట్టినట్టు తెల్లబోయింది. నా వైపు చూడలేదు, సూటిగా గడప వైపే చూశాడు.

"బాలనర్సయ్యా! నిజామాబాద్ బజార్ల దొరికిందంటివి గద! మిగిలినయి రేపు తెస్త అంటివి గద! మనిషిని చంపి తెచ్చినవారా?"

ఆ తర్వాతి మాట ఆయన గొంతు దాటలేదు. పిస్తోలు పేలింది. దొర మెడ పట్టుకుని అద్దాల బల్ల మీదికి ఒరిగాడు. బల్ల పగిలింది, నాణేలు జలజలా రాలాయి, వాటి మీద నెత్తురు ధారగా పడింది. ఆయన చివరిదాకా ఆ నాణేలనే చేతులతో దగ్గరికి లాక్కుంటూ ఉన్నాడు. పిచ్చి ముసలాయన! నాకు ఆయన మీద జాలి, అసహ్యం రెండూ ఒకేసారి కలిగాయి.

"మంచిగైంది" అన్నాడు బాలనర్సయ్య. ఊపిరి మాత్రం ఎగపోస్తున్నాడు. "దొరను నువ్వు చంపినవ్. బంగారం కోసం. నేను నిన్ను చంపిన. ఖేల్ ఖతం."

"లింగం?"

"లింగడు, పాపం, చేసిన పాపానికి తట్టుకోలేక ఠాణాల సచ్చిపోతడు."

పిస్తోలు గొట్టం నా ఛాతీకి తిరుగుతోంది. నా చేతిలో ఆయుధమంటూ ఏదీ లేదు, సున్నపు డబ్బీ తప్ప. అది మొత్తం ఆయన కళ్ళలోకి విసిరికొట్టాను.

ఆయన అరిచిన అరుపు గడి అంతా మోగింది. గుడ్డిగా పేల్చాడు. నా ఎడమ చెవి కొస ఎగిరిపోయింది, వేడి నెత్తురు మెడ మీదికి కారింది. మీద పడి మణికట్టు పట్టుకుని గోడకేసి కొట్టాను, కొట్టాను, అయినా పిస్తోలు వదలడే! మోకాలితో నా కడుపులో పొడిచాడు. కింద పడ్డాను. అరచేతిలో గాజుముక్క దిగింది. అదే చేత్తో నేల మీది ఐదో నాణెం అందుకుని, ఆయన కాళ్ళ సందునుంచి పాకి, తలుపు దాటి పరుగు తీశాను. వెనక నుంచి ఆయన గొంతు వినబడుతూనే ఉంది. "పట్టుకోండ్రా! దొరను చంపిండు! స్వామిదాసు దొరను చంపిండు!"

గడి నుంచి ఠాణా దాకా ఎట్లా వచ్చానో నాకే తెలియదు. నెత్తురు కారే మనిషిని చూసి జనం పక్కకు తప్పుకున్నారు. ఠాణాలో సిద్దిరాములు కట్టె గోడకానించి కడవలో నీళ్ళు ముంచుకుంటున్నాడు. ఊచల వెనక లింగం బోర్లా పడి ఉన్నాడు. వీపు కదులుతోంది. బతికే ఉన్నాడు, దేవా!

గద్దె దిగి నా వెంటే లోపలికొచ్చిన భూమక్క ముందు పిడికిలి తెరిచాను. "చూడు అవ్వా. నువ్వు తోమింది ఇదేనా?"

ఆమె రెండు వేళ్ళతో తీసుకుని వెలుతురుకు పెట్టింది. "ఇదే. గీ ఏనుగే. పసుపు నేనే పూసిన. ఎర్రగెట్లయింది?"

"నేను సున్నం పెట్టిన. దొర పెట్టెల దొరికింది. దొరకు అమ్మినోడు అమీను."

"అమీన్ సాబా?"

ఆమె నిలబడ్డ చోటే కూలబడింది. సిద్దిరాములు ముంచిన నీళ్ళు తాగకుండా అట్లాగే పట్టుకుని నిలబడిపోయాడు.

"నేనే చెప్పిన" అంది భూమక్క.

"ఏం చెప్పినవ్?"

"భూమిల సొమ్ము దొరికితె సర్కారుకు చెప్పాలె, లేకుంటె జేలుకేస్తరని డప్పు గొట్టి చెప్పిరి గద. మా ఆయనకు గా సోయి లేకపాయె. జేలుకేస్తరేమోనని భయమై మొన్న పగటాల ఈడికొచ్చి అమీన్ సాబుకు చెప్పిన. మంచిగైంది, ఇగ ఎవ్వలకు చెప్పకు, సాయంత్రం బావి కాడికి నేనే వస్త అన్నడు."

"ఎవ్వరికీ చెప్పలేదన్నవ్ కదా నాతోని!"

"సర్కారుకు చెప్పుడు మందికి చెప్పుడు ఎట్లయితది సారూ?" అని ఆమె నా మొహంలోకి చూసింది.

అప్పుడే వాకిట్లో గోల లేచింది. గడి మనుషులు గొడ్డళ్ళతో, కర్రలతో వచ్చేశారు. ముందున్న ఇద్దరు బాలనర్సయ్యను చెరో రెక్కా పట్టుకుని నడిపిస్తున్నారు. కళ్ళు వాచి పూర్తిగా మూసుకుపోయాయి, తెల్లటి చారలు చెంపల మీద ఎండిపోయాయి. పిస్తోలు మాత్రం చేతిలోనే ఉంది.

"యాడున్నడు వాడు? దొరను చంపినోడు యాడున్నడు? మాట్లాడుండ్రి, నాకు కనవడ్తలేదు!"

నేను గోడకు అంటుకుపోయాను. మాట్లాడితే చస్తాను. గొడ్డళ్ళవాళ్ళు నన్ను చూసి ముందుకు అడుగేశారు.

భూమక్క లేచి నిలబడింది. నేను కొంగు పట్టుకుని ఆపబోతే విదిలించుకుంది.

"అమీన్ సాబ్! నేను చెప్పింది నీ ఒక్కనికే గద. మా ఆయన మొలల ముల్లె ఉంటదని నీకు తప్ప ఎవలకెర్క? చెప్పు. ఇంతమందిల చెప్పు. బావి కాడికొస్త అంటివి. వచ్చి ఏం జేసినవ్?"

బాలనర్సయ్య తల ఆ గొంతు వైపు తిరిగింది. పిస్తోలు కూడా తిరిగింది. ఆమె పక్కకు జరగలేదు.

"సాబ్! ఈడ!"

ఊచల వెనక నుంచి వచ్చింది ఆ కేక. లింగం లేచి నిలబడ్డాడు. రెండు చేతులతో ఊచలు పట్టుకుని, పగిలిన నోటితో గొంతు చించుకుంటున్నాడు.

"నేను సూసిన! గడ్డపార నీ చేతిల ఉండె! నీ పెండ్లాన్ని గూడ గిట్లనే బావిల ఏస్త, నోరు మెదపకు అంటివి! నేను సూసిన సాబ్!"

"లింగా!" అని హన్మవ్వ కేక వేసింది. పిస్తోలు గిర్రున కటకటాల వైపు తిరిగి పేలింది. అదే ఊపులో సిద్దిరాములు కట్టె గాల్లోకి లేచింది. పొద్దుటి నుంచి లింగం ఒంటి మీద ఆడిన ఆ కట్టె, అమీను మణికట్టు మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు అందరికీ వినబడింది. బాలనర్సయ్య మోకాళ్ళ మీద కూలి, విరిగిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని ఊళలు పెట్టాడు. సిద్దిరాములు పిస్తోలును కాలితో దూరంగా తన్ని, తాళంచెవి కోసం తన నడుం తడుముకోసాగాడు.

లింగం ఊచల వెంట కిందికి జారాడు. గుండు పక్కటెముకల కింద తగిలింది. అందరికంటే ముందు చేరింది భూమక్క. ఊచల మధ్య నుంచి చెయ్యి దూర్చి, తన కొంగు ఉండ చేసి గాయం మీద అదిమిపట్టింది. హన్మవ్వ ఇంకో పక్క నుంచి మొగుడి తల పట్టుకుంది.

లింగం గొంతు ఆగలేదు. ఆ సాయంత్రం ఎవరు బావిలోకి దిగారో, మైసన్న ఏమని బతిమాలాడో, ఎన్ని దెబ్బలు పడ్డాయో గొణుగుతూనే ఉన్నాడు. వాకిట్లో గడి మనుషులకు అది వినబడడం లేదు. వాళ్ళలో పెద్దవాడు గొడ్డలి భుజాన పెట్టుకుని నా వైపే వస్తూ, "ఏం గొణుగుతుండు వాడు?" అని కసిరాడు.

భూమక్క వెనక్కి తిరిగి చూడలేదు. గాయం మీద చెయ్యి తీయలేదు.

"గట్టిగ చెప్పు తమ్మీ" అంది. "గొడ్డండ్లు పట్కొచ్చినోల్లకు ఇనవడాలె."

లింగం నెత్తురు ఉమ్మి, మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాడు.